గ్యారేజ్ సేల్‌లో కొన్న పదిహేనడుగుల నిచ్చెన మంచె: నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. గ్యారేజ్ సేల్‌లో, అంటే ఇంటి ముందు పెట్టి అమ్మే పాత సామాన్లలో, 40 డాలర్లకి కొన్న ఈ 15 అడుగుల లాడర్ స్టాండ్‌కి, ఇనుము వరకూ అయితే ఐదుకి నాలుగు. దాంతోపాటు ఉచితంగా అంటగట్టిన పట్టీలకీ, కిందపడకుండా ఒంటికి తొడుక్కునే హార్నెస్‌కీ సున్నా. అమ్మినాయన మర్యాదకి ఐదుకి ఐదు, ఆయన చెప్పిన మాటలకి ఒకటి. నలభై డాలర్లకే వచ్చింది కదా, లాభమేగా అంటారేమో, ఆ లెక్క కింద వేసి చూపిస్తాను.

లాడర్ స్టాండ్ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. చెట్టుకి ఆనించి కట్టే పొడుగాటి ఇనుప నిచ్చెన, దాని నెత్తిన ఒక కుర్చీ, కాళ్ళు పెట్టుకునే పలక. మన చేలల్లో మంచె లాంటిదే, కాకపోతే నాలుగు గుంజలకి బదులు చెట్టే ఆధారం. జింక ఎంతసేపూ తన ఎత్తులోనే వెతుకుతుంది, తలెత్తి చూడటం తక్కువ. మన వాసన కొంత దాని ముక్కుకి అందకుండా పైనుంచి పోతుంది. పైగా కిందికి కాల్చిన గుండు గురి తప్పినా నేలలోనే దిగబడుతుంది. అందుకే ఇక్కడ తెల్లతోక జింకల వేటకి వెళ్ళేవాళ్ళు చాలామంది చెట్టెక్కి కూర్చుంటారు.

నేనుండేది విస్కాన్సిన్‌లో, పని కాగితం మిల్లులో మెయింటెనెన్స్. సొంతూరు పల్నాడు. వేట అనగానే మనవాళ్ళు ఉలిక్కిపడతారని తెలుసు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింక జోలికి పోతే జైలే. ఇక్కడ లైసెన్సు, ట్యాగు అనే అనుమతి చీటీ తీసుకుని సీజన్‌లో వేటాడితే తప్పు లేదు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు గట్టెక్కాలి. న్యాయమా అన్యాయమా అన్న చర్చ మా పాట్‌లక్ విందుల్లో బోలెడంత జరిగింది. చర్చ పెట్టినవాళ్ళే పోతూ పోతూ జింక మాంసం పచ్చడి సీసా అడిగి పట్టుకెళ్ళారు కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

నా గోల వేరే. మా మిల్లులో నాలుగడుగులు గానీ అంతకు మించి గానీ ఎత్తున్న చోట అంచుకి కంచె అయినా ఉండాలి, ఒంటికి హార్నెస్ అయినా ఉండాలి. ఓషా, అంటే ఇక్కడి పని భద్రతా సంస్థ, పెట్టిన రూలు అది. ఆ రూలు కోసం సోమవారం నుంచి శుక్రవారం దాకా గొంతు చించుకునే మనుషులే నవంబరు వచ్చేసరికి తెల్లవారుజామున చీకట్లో, ఒంటరిగా, మంచు పేరుకున్న మెట్ల మీద పదిహేనడుగులు ఎక్కుతారు. ఒంటి మీద నారింజ రంగు జాకెట్టు తప్ప ఇంకే రక్షణా ఉండదు. ఆ జాకెట్టు పక్కవాడి గుండు నుంచి కాపాడుతుందేమో గానీ భూమ్యాకర్షణ నుంచి కాపాడదు.

సరే, సరుకు సంగతికి వద్దాం. ఒక మనిషి కూర్చునేది, మూడు ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క గొట్టంలోకి ఇంకో ముక్క గొట్టం దూరుతుంది, అడ్డంగా పిన్ను పడుతుంది. లేబుల్ ఇంకా చెరిగిపోలేదు, అదే నేను దీన్ని కొనడానికి మొదటి కారణం. మోడల్ నంబరు, తయారైన సంవత్సరం, 300 పౌండ్ల పరిమితి, అంటే 136 కిలోలు, అన్నీ చదవగలిగాను. ఆ బరువులో మనిషి ఒక్కడే కాదు, చలి బట్టలు, బూట్లు, సంచీ, తుపాకీ అన్నీ కలుస్తాయి. నవంబరులో మనం వేసుకునే బట్టలే ఒక చిన్నపిల్లాడంత బరువుంటాయి. మోడల్ నంబరు పట్టుకుని రెండు పనులు చేశాను. కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ రీకాల్ జాబితాలో, అంటే లోపముందని వెనక్కి పిలిచిన సరుకుల్లో, ఉందేమో చూశాను, లేదు. తర్వాత కంపెనీ మాన్యువల్ దింపుకున్నాను.

మాన్యువల్‌లోని విడిభాగాల బొమ్మ పక్కన పెట్టుకుని డ్రైవ్‌వే మీద అన్నీ పరిచాను. పిన్నుల్లో రెండు అసలువి కావు, వాటి స్థానంలో మేకులు వంచి పెట్టారు. మేకులే! బోల్టుల్లో కొన్నిటి తలల మీద ఏ గీతా లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, బోల్టు తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ ఐదు, ఆరు గీతలుంటే గ్రేడ్ ఎనిమిది. ఏమీ లేకపోతే మామూలు మెత్త ఇనుము అనుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో కొలతకి సరిపోయేది తెచ్చి బిగించడం నాకు చిటికెలో పని, అయినా ఆ పని చెయ్యలేదు. ఏ బోల్టు మీద ఎంత బరువు పడుతుందో లెక్క కట్టినవాడు కంపెనీ ఇంజినీరు, నేను కాదు. పిన్నులు, బోల్టులు, పట్టీలు కలిపి కిట్టు అమ్ముతున్నారు, 35 డాలర్లు పెట్టి తెప్పించాను.

ఇనుము పరీక్ష గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే మోసపోతారు. పైన కనిపించే తుప్పు తుప్పు కాదు. వైరు బ్రష్షుతో నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది. భయపడాల్సింది గొట్టం లోపల పట్టే తుప్పుకి. కింది ముక్క పాదాలు ఏళ్ళ తరబడి తడిమట్టిలో నిలబడతాయి, పైనుంచి కారిన వాన నీళ్ళు గొట్టం అడుగున నిలుస్తాయి. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గోడ అరిగి రేకవుతుంది. చిన్న సుత్తితో పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి. మంచి గొట్టం గంటలా ఖంగుమంటుంది, తుప్పు తిన్న గొట్టం మొద్దుగా పలుకుతుంది. అనుమానమొచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగిందా, ఆ ముక్క పాత ఇనుము వాడికే. నాది దిగలేదు. పాదాల దగ్గర అమ్మినాయన ప్లాస్టిక్ మూతలు బిగించి ఉంచాడు, ఆ ఒక్క పనికి మాత్రం దండం పెట్టాలి.

తర్వాత అతుకులు. మెట్టు నిలువు గొట్టానికి కలిసేచోట రంగు వెంట్రుకలా చిట్లి ఉంటే దాని కింద ఇనుము కూడా చిట్లి ఉండొచ్చు. కంటికి తేలదు. మిల్లులో వాడే ఎర్ర రంగు స్ప్రే పద్ధతే ఇక్కడా పట్టాను. అతుకు మీద రంగు గీకేసి, శుభ్రంగా తుడిచి, ఎర్ర ద్రవం కొట్టి పది నిమిషాలు వదిలేశాను. క్లీనరు గుడ్డ మీద చల్లుకుని, అతుకు మీద నేరుగా కొట్టకుండా, పైపై ఎరుపంతా తుడిచాను. ఆ పైన తెల్ల పొడి స్ప్రే. పగులు లేకపోతే అంతా సుద్ద పూసినట్టు తెల్లగానే ఉంటుంది. ఉంటే లోపల దాక్కున్న ఎరుపు మెల్లగా పైకి ఊరి సన్నటి గీత తేలుతుంది. మెట్లన్నీ తెల్లగానే ఉన్నాయి. తుపాకీ ఆనించుకునే అడ్డకమ్మీ బ్రాకెట్టు దగ్గర మాత్రం గోరంత ఎర్రగీత తేలింది. మా మిల్లు వెల్డరుకి చూపించి "ఒక టాకా వేస్తావా" అని అడిగాను. ఒక్క చూపు చూసి, "ఇంత పల్చటి గొట్టానికి వేడి తగిలితే అతుకు పక్కన ఊడుతుంది. నేను వెయ్యను, ఇంకెవరు వేసినా నువ్వు ఎక్కకు" అన్నాడు. అడ్డకమ్మీ ఈ మోడల్‌లో ఇష్టముంటేనే బిగించుకునే భాగం కాబట్టి మొత్తంగా తీసేశాను. అసలు అది ఉంటేనే ప్రమాదం, లేచి నిలబడేటప్పుడు చెయ్యి అప్రయత్నంగా దాని మీదకే పోతుంది.

ఇక పట్టీలు. అమ్మినాయన "ఇదిగో, రాట్చెట్లు కూడా ఇస్తున్నా" అని, బిగించే మర ఉన్న ఈ పట్టీల్ని ఏదో కట్నం ఇచ్చినట్టు ఇచ్చాడు. ఒకప్పుడు నారింజ రంగువట, ఇప్పుడు పాలిపోయి పాత గోనెపట్టా రంగుకొచ్చాయి. మడత పెడితే మడత దగ్గర నలుసులు రాలి వేళ్ళకి అంటుకుంటున్నాయి. ఎండకి నైలాన్, పాలిస్టర్ దారాల సత్తువ పోతుంది, చూడటానికి పట్టీ పట్టీలాగే ఉంటుంది. ఒకచోట ఉడుత కొరికిన గాటు కూడా ఉంది. వాటిని ఊరికే చెత్తబుట్టలో పడేస్తే ఎవరో ఒకరు ఏరుకుపోతారని ముక్కలు ముక్కలుగా కత్తిరించి పడేశాను. మా తాతయ్య జొన్నచేలో మంచె కట్టేటప్పుడు గుంజలు పాతవే వాడేవాడు గానీ తాడు మాత్రం ఏటా కొత్తది పేనించేవాడు. వడిసెల పట్టుకుని పిట్టల్ని తోలడానికి ఎక్కేది మనవళ్ళమే కదా మరి.

హార్నెస్ కథ ఇంకా విచిత్రం. సీలు విప్పని ప్లాస్టిక్ కవరులోనే ఉంది. "చూడు, ఒక్కసారి కూడా వాడలేదు, సరికొత్తది" అన్నాడాయన గర్వంగా. అన్నేళ్ళు ఒక్కసారి కూడా వాడకుండా చెట్టెక్కానని తనే ఒప్పుకున్నట్టు ఆయనకి తట్టలేదు. లోపలి చీటీ మీద తేదీ చూస్తే ఎప్పుడో కాలం చెల్లింది. సాధారణంగా వీటికి కంపెనీలు ఐదేళ్ళే గడువు పెడతాయి. ఒక్కసారి పడి ఆగితే గడువుతో పనిలేదు, అప్పటితో దాని పని అయిపోయినట్టే. కొత్తది 90 డాలర్లు పెట్టి తీసుకున్నాను. తొడలకీ భుజాలకీ ఛాతీకీ పట్టీలుండి ఒళ్ళంతా పట్టేది. నడుముకి మాత్రమే బెల్టు కట్టుకునే పాత రకం ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు, వేలాడితే ఊపిరి బిగుసుకుపోతుంది.

ఒళ్ళంతా పట్టే హార్నెస్‌లోనూ ఊరికే వేలాడుతూ ఉండకూడదు. తొడల దగ్గర పట్టీ నొక్కుకుని కాళ్ళలోకి దిగిన రక్తం తిరిగి పైకి రాదు, కాసేపటికే స్పృహ తప్పొచ్చు. అందుకే మంచి వాటిలో ఒక చిన్న ఉచ్చు పట్టీ ఇస్తారు, పాదం అందులో పెట్టి నిలబడి కాళ్ళు కదిలించుకోవచ్చు. కొన్న రోజే నేల మీద, అడుగు ఎత్తులో వేలాడి, ఆ ఉచ్చు కళ్ళు మూసుకుని తీసి వాడటం అలవాటు చేసుకోండి. ఫోను వీపు సంచీలో కాదు, ఛాతీ జేబులో ఉండాలి.

చెట్టు ఎంపిక. ప్రాణమున్నది, నిటారుగా ఉన్నది, మాన్యువల్ చెప్పిన లావున్నది. విస్కాన్సిన్‌లో యాష్ చెట్టు జోలికి పోకండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు ఈ రాష్ట్రంలో 2008లో బయటపడింది, అప్పట్నుంచి బెరడు కింద తొలిచేస్తూ వరసపెట్టి చంపుతోంది. చచ్చిన యాష్ చాలా పెళుసు. బెరడు పలకలు పలకలుగా లేచే హికరీ కూడా వద్దు, పట్టీ బెరడుని పట్టుకుంటుంది గానీ మానుని పట్టుకోదు. నేను స్థలం యజమాని పెద్దాయన చూపించిన ఎర్ర ఓక్ తీసుకున్నాను. పైన ఎండుకొమ్మలు వేలాడటం లేదు, దగ్గర్లో కరెంటు తీగ లేదు.

నిలబెట్టడానికి కనీసం ముగ్గురు కావాలని మాన్యువల్‌లో ఉంటుంది, అది వకీళ్ళు రాయించిన మాట అనుకోకండి. నేను, మా బామ్మర్ది, పెద్దాయన. సెప్టెంబరు నెల, పట్టపగలు. ఈ పాత రకంతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పై పట్టీని కుర్చీ దగ్గర మాను చుట్టూ బిగించాలి, అది బిగిసేదాకా నిచ్చెన చెట్టుకి కేవలం ఆని ఉంటుంది. అంటే ఏ ఆధారమూ లేని నిచ్చెన పైకి ఒకడు ఎక్కి తీరాలి. పడేవాళ్ళు పడేది చాలావరకు ఈ ఎక్కడంలోనూ, దిగడంలోనూ, నిచ్చెన మీంచి కుర్చీలోకి మారే ఆ ఒక్క అడుగులోనూ. కొత్తవాటిలో కొన్నిటికి, మనం నేల మీదే ఉండి మానుని గట్టిగా కరిపించగలిగే ఇనుప దవడలు వస్తున్నాయి. నన్నడిగితే కొత్తది కొనడానికి ఆ ఒక్క సౌకర్యం చాలు.

మా బామ్మర్దికి తొందర. "రెండు నిమిషాల పని బావా! మీరిద్దరూ పట్టుకోండి, నేనెక్కి పట్టీ లాగేసి దిగుతా."

"దిగడం కాదురా, రాలతావు. ముందు తాడు కట్టనీ."

మిల్లులో ఎలా చేస్తామో అలాగే చేశాం. మంచె ఇంకా నేల మీదే ఉండగా మామూలు ఎక్స్‌టెన్షన్ నిచ్చెన మానుకి రెండో వైపు వేశాం. కింద ఇద్దరు పట్టుకున్నారు. నేను హార్నెస్ వేసుకుని, కరెంటు స్తంభాలెక్కేవాళ్ళు వాడే లాంటి లైన్‌మన్ బెల్టు మాను చుట్టూ తిప్పి, అడుగడుగుకీ బెల్టుని పైకి జరుపుకుంటూ ఎక్కి, కుర్చీ వచ్చే ఎత్తుకి బాగా పైన లైఫ్‌లైన్ కట్టాను. 40 డాలర్ల తాడు అది, రెండో కొస చెట్టు మొదట్లో కడతాం. దాని మీద ప్రూసిక్ ముడి ఉంటుంది. చేత్తో జరిపితే జరుగుతుంది, ఒక్కసారిగా బరువు పడితే తాడుని బిగించి పట్టేస్తుంది. నేల మీద నిలబడి హార్నెస్ కొక్కెం దానికి తగిలించుకుంటే, ఎక్కి కూర్చుని మళ్ళీ నేల మీద కాలు మోపేదాకా విప్పే పనే లేదు. ముడి ఎప్పుడూ తలకన్నా పైనే ఉండాలి, కూర్చున్నాక పట్టీ వదులుగా వేలాడకూడదు.

ఆ తర్వాతే మంచెని లేపాం. పెద్దాయన పాదాల మీద బూట్లు తొక్కిపెట్టి నిలబడ్డాడు, మేమిద్దరం కుర్చీ వైపు నుంచి చేతులు మార్చుకుంటూ నడుచుకొచ్చాం. పాదాలు మొదలుకి ఎంత దూరంలో ఉండాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంది, కంటి అంచనాతో పెట్టకూడదు. మరీ దగ్గరైతే నిచ్చెన నిటారై ఎక్కేవాణ్ణి వెనక్కి తోస్తుంది, మరీ దూరమైతే నడుము దగ్గర గొట్టాలు వంగుతాయి. ఒక పాదం కింద నేల పల్లంగా ఉంటే రాయి పెట్టడం కాదు, రెండో పాదం కింద మట్టి తవ్వి సమానం చెయ్యాలి. నిచ్చెన మధ్యలో మానుకి తన్నిపెట్టే ఊతకమ్మీ బిగించి, రెండు పట్టీలు ఇంటూ గుర్తులా వేసి నేల మీంచే లాగాం. కింది మెట్టు మీద నిలబడి నాలుగుసార్లు గెంతాను, పాదాలు మట్టిలోకి దిగి పట్టీలన్నీ వదులయ్యాయి. మళ్ళీ బిగించాం. అప్పుడు, లైఫ్‌లైన్‌కి తగులుకుని, వాళ్ళిద్దరూ నిచ్చెనని మానుకేసి నొక్కి పట్టుకోగా పై పట్టీ వేశాను. ఇంత తతంగం చూసి పెద్దాయన నవ్వుతాడనుకున్నాను. "మా తమ్ముడికి ఈ తాడు ఉండుంటే ఇవాళ నడిచేవాడు" అన్నాడు. మా బామ్మర్ది ఆ తర్వాత తొందరపెట్టలేదు.

వాడకం ఎలా ఉందంటే, కుర్చీ వల రకం, నడుముకి హాయిగా ఉంది, వానకి నీళ్ళు నిలవవు. కాళ్ళ పలక నా పన్నెండో నంబరు బూట్లకి కాస్త ఇరుకు. కదిలితే కిర్రుమంటుంది, అదొక్కటే పెద్ద లోపం. గొట్టాల అతుకుల దగ్గర పిన్నులు పూర్తిగా దిగాక బయట గుడ్డ టేపు చుడితే చాలావరకు తగ్గింది. కుర్చీ కింద కందిరీగలు గూడు పెట్టడానికి మహా ఇష్టపడతాయి, ఎక్కేముందు టార్చి వేసి చూసుకోండి. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల తుపాకీ సీజన్‌కి మెట్ల మీద మంచు గ్యారంటీ, చేతులు ఖాళీగా ఉండాలి. తుపాకీ భుజానికి తగిలించుకుని ఎక్కొద్దు. గుళ్ళు తీసేసి, గొట్టం నేలవైపు ఉండేలా తాడుకి కట్టి, మనం కూర్చుని కుదురుకున్నాక పైకి లాక్కోవాలి.

ఇప్పుడు లెక్క. మంచె 40, కిట్టు 35, హార్నెస్ 90, లైఫ్‌లైన్ 40. మొత్తం 205. ఎర్ర స్ప్రే నా దగ్గర ఉంది కాబట్టి కలపలేదు. మా ఊరి దుకాణంలో ఇలాంటిదే కొత్తది 180, పట్టీలు, హార్నెస్ పెట్టెలోనే వస్తాయి, లైఫ్‌లైన్ కలిపితే 220. అంటే వారాంతాలు తగలేసి, మిల్లు విద్యలన్నీ వాడి నేను మిగిల్చింది పదిహేను డాలర్లు. నాకు ఇనుముతో కుస్తీ సరదా కాబట్టి బాధ లేదు. సుత్తి చప్పుడు తేడా తెలియనివాళ్ళు కొత్తదే తీసుకోండి.

ఇంకా పాతదే కావాలంటారా, అమ్మేవాణ్ణి ఒక్కటి అడగండి, "సీజన్ అయ్యాక దింపేవాడివా, చెట్టుకే వదిలేసేవాడివా?" చెట్టు ఏటేటా లావెక్కుతుంది, బిగించి వదిలేసిన పట్టీని లోపలినుంచి సాగదీస్తూనే ఉంటుంది, గొట్టాల్నీ మెలి తిప్పుతుంది. నేను కొన్నాయన ప్రతి జనవరిలో దింపి కొట్టంలో పెట్టేవాడు. ఆయన దగ్గరే ఇంకొకటుంది, ఇద్దరు కూర్చునేది, అడవిలో ఇంకా చెట్టుకే ఉందట, వచ్చి విప్పుకుంటే ఊరికే తీసుకుపొమ్మన్నాడు. లేబుల్ ఉందా అని అడిగాను. ఎప్పుడో ఊడిపోయిందన్నాడు. థాంక్స్ చెప్పి వచ్చేశాను.